మొదటి ఆర్సీ (రిమోట్ కంట్రోల్) కారు: నైట్రోనా, ఎలక్ట్రిక్కా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. అమలాపురం దగ్గర పల్లెటూరు, తొమ్మిదో తరగతి చదివే అబ్బాయి, పాతిక వేల దాకా బడ్జెట్. కువైట్‌లో ఉన్న మీ బావగారు వచ్చే సెలవులకు రిమోట్ కారు తెస్తానంటున్నారు. తెస్తే పొగ వదిలే నైట్రో, అంటే చిన్న ఇంజిన్‌తో ఇంధనం కాల్చి నడిచే బండే తెస్తాను, ఎలక్ట్రిక్ అంటే చిన్నపిల్లల బొమ్మ అని ఆయన పట్టుదల. అబ్బాయి మాత్రం యూట్యూబ్ చూసి ఎలక్ట్రిక్ అడుగుతున్నాడు. మధ్యలో మీకు టెన్షన్.

అబ్బాయి మాటే సరైనదండి. ఎలక్ట్రిక్ తీసుకోండి. 1/14 లేదా 1/10 సైజు (అసలు కారులో పద్నాలుగో వంతు లేదా పదో వంతు), 2ఎస్ లైపో బ్యాటరీతో (రెండు లిథియం పాలిమర్ సెల్స్ ఉన్నది) నడిచేది చాలు. బావగారికి నైట్రో మీద అంత మోజుంటే అది తప్పేమీ కాదు గానీ, దాన్ని ఆయన తన కోసం కొనుక్కోవాలి, ఊళ్లో ఉన్నన్నాళ్లూ తనే చూసుకోవాలి. పిల్లాడి చేతిలో పెట్టి విమానం ఎక్కేస్తే మాత్రం ఆ బండి అటక ఎక్కుతుంది.

నేనుండేది రావులపాలెం వైపు. రెండు రకాలూ నడుపుతాను, చుట్టుపక్కల ఊళ్ల వాళ్ల బండ్లు బాగుచేసి పెడుతుంటాను. కాబట్టి ఒకదాని మీద ప్రేమ, ఇంకోదాని మీద పగ ఏమీ లేవు. నైట్రో శబ్దం, ఇంధనంలోని ఆ ఆముదం వాసన నాకూ ఇష్టమే.

ముందు వేగం సంగతి తేల్చేద్దాం. నైట్రో అంటే స్పీడు, ఎలక్ట్రిక్ అంటే బొమ్మ అన్నది పాత రోజుల మాట. అప్పుడు నికెల్ బ్యాటరీలు, బ్రష్‌డ్ (లోపల రాసుకునే కార్బన్ ముక్కలతో కరెంటు అందే) మోటార్లు తప్ప వేరే దిక్కు లేదు. లైపో బ్యాటరీ, ఆ ముక్కలు లేని బ్రష్‌లెస్ మోటారు వచ్చాక ఆ లెక్క తిరగబడింది. ఎలక్ట్రిక్ మోటారు ట్రిగ్గర్ నొక్కగానే పూర్తి బలం ఇస్తుంది. నైట్రో ఇంజిన్ చక్రం పట్టుకు రావాలంటే ముందు ఆర్‌పీఎం ఎక్కాలి, తర్వాత క్లచ్ పట్టాలి. ఒకే సైజు బండ్లయితే బయల్దేరడంలో ఎలక్ట్రిక్‌దే పైచేయి. నైట్రోకి మిగిలిన అసలైన లాభం ఒక్కటే: ఇంధనం అయిపోతే అర నిమిషంలో మళ్లీ పోసుకుని పరుగెత్తవచ్చు. 1/8 ఆఫ్‌రోడ్ ప్రపంచ పోటీల్లో పిట్‌స్టాప్‌లతో నైట్రో ఇప్పటికీ నడుస్తోందంటే ఆ సుఖం, ఆ మజా వల్లే. ఎలక్ట్రిక్ వాళ్లు ఆ పని రెండో బ్యాటరీతో కానిస్తారు.

ఇక అసలు విషయం. నైట్రో బండి పెట్రోల్ బండి కాదు. మన వైపు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. పాలకొల్లు దగ్గర్నుంచి ఒకతను నా దగ్గరికి బండి తెచ్చాడు. పొలంలో మందు కొట్టే పవర్ స్ప్రేయర్ కోసం కలిపి ఉంచిన పెట్రోల్, టూటీ ఆయిల్ ట్యాంకులో పోసి, తాడు లాగీ లాగీ చెయ్యి నొప్పెట్టాక తెచ్చాడు. అది ఎంత లాగినా అంటుకోదు. స్ప్రేయర్‌లో స్పార్క్ ప్లగ్ ఉంటుంది, నైట్రోలో ఉండేది గ్లో ప్లగ్. దాని లోపల ప్లాటినం కలిసిన సన్నటి తీగ చుట్ట ఉంటుంది. మొదట ఇగ్నైటర్ (ప్లగ్‌కి తగిలించే చిన్న బ్యాటరీ పరికరం) పెట్టి ఆ తీగను ఎర్రగా కాల్చాలి. ఆ తర్వాత ఇంజిన్ లోపలి ఒత్తిడి వేడికి తోడు, ప్లాటినం మీద మిథనాల్ చేసే రసాయన చర్య ఆ తీగను కాలుతూనే ఉంచుతుంది. పెట్రోల్‌కి ఆ గుణం లేదు. పైగా ఆ సిలికాన్ పైపులు పెట్రోల్ తగిలితే ఉబ్బిపోతాయి. అతని బండికి పైపులన్నీ మార్చాల్సి వచ్చింది. పెట్రోల్‌తో నడిచే ఆర్సీ కార్లు వేరే ఉన్నాయి, 1/5 సైజు, 26 నుంచి 30 సీసీ ఇంజిన్లు. అవి మీ బడ్జెట్‌కి ఆమడ దూరం.

నైట్రోలో పోసేది మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన ఇంధనం. కార్లకు సాధారణంగా 20 శాతం, అటూ ఇటూగా నైట్రో ఉన్నది వాడతారు. ఇది మనకు కిరాణా కొట్లోనో బంకులోనో దొరికేది కాదు. మంట అంటుకునే సరుకు కాబట్టి కొరియర్ వాళ్లు చాలామంది ముట్టుకోరు. బావగారితో ఈ ఒక్క మాట గట్టిగా చెప్పండి: ఆ ఇంధనాన్ని విమానంలో తేవడం కుదరదు. చేతి సంచిలోనూ వద్దు, చెక్‌ఇన్ పెట్టెలోనూ వద్దు. వాడిన ఇంజిన్‌లో ఇంధనం వాసన తగిలినా ఎయిర్‌పోర్ట్‌లో ఆపేయవచ్చు. నైట్రోమీథేన్ పేలుడు పదార్థాలకు కూడా పనికొస్తుంది కనుక యూరోపియన్ యూనియన్‌లో 2021 నుంచి 16 శాతం దాటిన ఇంధనాన్ని లైసెన్స్ లేని జనానికి అమ్మకుండా కట్టుబాటు పెట్టారు. బండి కొనడం ఒకరోజు పని, ఇంధనం వెతుక్కోవడం ఎప్పుడూ ఉండే పని. 125 సీసీ (మిల్లీలీటర్ల) ట్యాంకున్న 1/8 బగ్గీ (మట్టిలో పరుగెత్తే బండి) ఒక ట్యాంకుతో ఎనిమిది, పది నిమిషాలు తిరుగుతుంది. లీటరుకి ఎనిమిది ట్యాంకులు. అంటే లీటరు ఇంధనం ఒక్క సాయంత్రానికి సరి.

అదే ఎలక్ట్రిక్ లెక్క చూడండి. 2ఎస్ 5000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే 7.4 ఓల్టులు, 37 వాట్ అవర్లు. చార్జర్‌లో పోయే నష్టం కలుపుకున్నా ఇరవయ్యో వంతు యూనిట్ కరెంటు. యూనిట్ పది రూపాయలనుకున్నా ఒక చార్జింగ్‌కి అర్ధ రూపాయి.

"మిథనాల్ దొరుకుతుంది కదా, ఇంట్లోనే కలుపుకుంటే?" అని కొందరు అడుగుతారు. వద్దండి. కల్తీ సారా తాగి కళ్లు పోయాయని పేపర్లో చదువుతామే, ఆ పని చేసేది ఈ మిథనాలే. చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. అంటుకుంటే మంట పగటి వెలుగులో సరిగ్గా కనిపించదు. పిల్లలున్న ఇంట్లో డబ్బా మీద తాళం ఉండాల్సిన సరుకు ఇది.

మన గాలి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే బయటి రివ్యూల్లో ఇది రాయరు. కోనసీమలో గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. మిథనాల్ తేమను పీల్చుకునే ద్రవం. భీమవరం నుంచి ఒకాయన వానాకాలం అంతా మూత సరిగ్గా బిగించని సగం డబ్బా ఉంచుకుని, దీపావళికి తీసి పోశారు. ఇంజిన్ అంటుకుంటుంది, ఇగ్నైటర్ తీయగానే ఆగిపోతుంది. ఆయన ప్లగ్‌లు మీద ప్లగ్‌లు మార్చారు. కొత్త డబ్బా ఇంధనం పోయగానే అదే ప్లగ్‌తో నడిచింది.

అదే తేమ ఇంజిన్ లోపల ఇంకో పని చేస్తుంది. ఆట అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, లోపల మిగిలింది కాలిపోయేదాకా నడిపి, ప్లగ్ తీసి నాలుగు చుక్కల ఆఫ్టర్‌రన్ ఆయిల్ (తుప్పు పట్టకుండా వేసే నూనె) వేసి ఇంజిన్ తిప్పి పెట్టాలి. ఇది మానేస్తే క్రాంక్‌షాఫ్ట్ వెనక బేరింగ్ తుప్పు పడుతుంది. పొడి ఊళ్లలో బద్ధకించినా చెల్లుతుందేమో గానీ, మన దగ్గర చెల్లదు. తొమ్మిదో తరగతి పిల్లాడు ఆడి అలిసిపోయి, హోంవర్క్ పెట్టుకుని, ఇవన్నీ చేస్తాడా? మీరే చెప్పండి.

ట్యూనింగ్ కూడా వాతావరణం మాట వింటుంది. మే నెల మధ్యాహ్నం వేడి, తేమ గాలిలో ఆక్సిజన్ తక్కువ. దానికి తగ్గట్టు హైస్పీడ్ నీడిల్ (కార్బురేటర్‌లో ఇంధనాన్ని సరిచేసే స్క్రూ) బిగించి ఇంధనం తగ్గించి పెట్టుకుంటారు. అదే సెట్టింగ్‌తో పండగ రోజుల్లో మంచు పొద్దున నడిపితే, చల్లగాలిలో ఆక్సిజన్ ఎక్కువ కాబట్టి మిశ్రమం లీన్ అయిపోతుంది, అంటే గాలికి తగినంత ఇంధనం ఉండదు. నైట్రో ఇంజిన్‌కి నూనె అందేది ఇంధనంలోనే. ఇంధనం తగ్గితే నూనె తగ్గినట్టే, వేడి పెరిగినట్టే. గమ్మత్తేమిటంటే లీన్‌గా ఉన్నప్పుడే బండి ఆ కాసేపు మహా హుషారుగా పరుగెడుతుంది. పిల్లలు దాన్నే "సూపర్ ట్యూనింగ్" అనుకుంటారు. పైప్ నుంచి సన్నటి నీలిపొగ గీత కనిపిస్తూ ఉండాలి. హెడ్ మీద ప్లగ్ దగ్గర ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తే 100 నుంచి 125 డిగ్రీల మధ్య ఉంటే నాకు నిశ్చింత. పొగ ఆగిపోయి కేక మాత్రం పెరిగిందా, వెంటనే ఆపేసి నీడిల్ కొంచెం బయటికి తిప్పడమే.

కొత్త ఇంజిన్‌కి ముందు నాలుగైదు ట్యాంకులు బ్రేక్‌ఇన్ (మెల్లగా నడిపి లోపలి భాగాలను కుదురుకోనివ్వడం) చేయాలని కూడా ఉంది. అంతసేపూ గట్టు మీద కూర్చుని పొగ పీల్చడమే తప్ప ఆడటం ఉండదు.

ఇంతా చెప్పి, ఎలక్ట్రిక్‌లో తలనొప్పి లేదంటే అబద్ధం అవుతుంది. దాని తలనొప్పి అంతా బ్యాటరీలోనే ఉంది. లైపో సెల్ నిండితే 4.2 ఓల్టులు. 3 ఓల్టుల కిందికి దిగితే పాడవుతుంది. బండిలోని ఈఎస్‌సీకి (మోటారు వేగాన్ని నడిపే ఎలక్ట్రానిక్ పరికరం) లైపో కటాఫ్ (బ్యాటరీ మరీ దిగకుండా ఆపేది) ఉందో లేదో, ఉంటే ఆన్ చేసి ఉందో లేదో మొదటి రోజే చూడండి. ఆట అయ్యాక బండికి బ్యాటరీ తగిలించి వదిలేయకూడదు, స్విచ్ మరిచిపోతే తెల్లారేసరికి బ్యాటరీ చచ్చి ఉంటుంది. వారం పది రోజులు ఆడకపోతే సెల్‌కి 3.8 ఓల్టుల దగ్గర ఉంచాలి. బ్యాలెన్స్ చార్జర్‌లో (సెల్స్‌ని సమానంగా నింపేది) స్టోరేజ్ అని ఒక మోడ్ ఉంటుంది, అది నొక్కితే చాలు. పరీక్షల నెలలో ఫుల్ చార్జ్‌తో బీరువాలో పెట్టిన బ్యాటరీలే ఉబ్బి నా దగ్గరికి వస్తుంటాయి.

చార్జింగ్ సిమెంటు గచ్చు మీద, మనిషి కంటికి కనిపించే చోట పెట్టండి. మంచం మీద వద్దు, తాటాకు పాకలో అసలే వద్దు. ఆట నుంచి వేడిగా వచ్చిన బ్యాటరీని చల్లారనిచ్చి అప్పుడు పెట్టాలి. ఉబ్బిన బ్యాటరీతో బేరాలు లేవు, వాడటం మానేయడమే. దాన్ని కాలువలోకి విసరకండి, బ్యాటరీలు, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోట ఇచ్చేయండి.

కరెంటు పోతుంది కదా అని మీ బావగారు అన్నారట. మంచి బ్యాలెన్స్ చార్జర్లు చాలావాటికి 12 ఓల్టుల డీసీ ఇన్‌పుట్ ఉంటుంది. కారు బ్యాటరీకి క్లిప్పులు తగిలించి చెరువు గట్టు మీదే చార్జ్ చేసుకోవచ్చు. 5000 ఎంఏహెచ్ బ్యాటరీని 5 ఆంపియర్లతో పెడితే గంటలో నిండుతుంది, దానికి 50 వాట్ల చార్జర్ సరిపోతుంది. బండితో పాటు డబ్బాలో వచ్చే యూఎస్‌బీ చార్జర్ మాత్రం ఓపికను పరీక్షిస్తుంది. దాన్ని పక్కన పెట్టి, మీ బడ్జెట్‌లో కొంత మంచి చార్జర్‌కి, రెండో బ్యాటరీకి ఉంచుకోండి. బావగారు అక్కడ చార్జర్ కొన్నా ఇబ్బంది లేదు. కువైట్‌లో 240 ఓల్టులు, మనకు 230. ప్లగ్ పిన్నులు వేరు కాబట్టి అడాప్టర్ ఒకటి కావాలి, అంతే. విడి లైపోలు చేతి సంచిలోనే తేవాలి, చెక్‌ఇన్ పెట్టెలో వేయకూడదు. 100 వాట్ అవర్ల లోపు వాటికి మామూలుగా విడిగా అనుమతి అక్కర్లేదు. కనెక్టర్ల మీద టేప్ చుట్టమనండి.

ఏ బండి అంటారా, మీ బడ్జెట్‌లో డబ్ల్యూఎల్‌టాయ్స్ 144001 లాంటిది మొదటి బండిగా బాగుంటుంది. 1/14 సైజు, నాలుగు చక్రాలకూ పవర్, 550 బ్రష్‌డ్ మోటారు, డబ్బాలో 1500 ఎంఏహెచ్ 2ఎస్ బ్యాటరీ వస్తుంది. స్పేర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. నాకు అన్నిటికన్నా ముఖ్యం అదే. బండి ఎంత గొప్పదైనా సస్పెన్షన్ ఆర్మ్ విరిగినప్పుడు అది దొరక్కపోతే బొమ్మే. బ్రష్‌లెస్ కావాలని అబ్బాయి పేచీ పెడతాడు, ఆర్నెల్లు ఆగమనండి. ముందు దీన్ని గోడలకు కొట్టకుండా నడపడం వస్తే తర్వాత మార్చుకోవచ్చు.

ఎక్కడ నడపాలన్నది ఇంజిన్ ఎంపికను ఎలా మారుస్తుందో కూడా చూడాలి. దాళ్వా కోతలయ్యాక చేలు బోలెడు ఖాళీ. కానీ వరి కొయ్యకాళ్లలో చిన్న బండి పోదు, బలవంతంగా తోలితే మోటారు కాలుతుంది. మోటారు మీద వేలు పెట్టి మూడు లెక్కపెట్టేలోపు తీసేయాల్సి వస్తే ఆపి చల్లారనివ్వండి. గడ్డి, ఇసుక ఎక్కువున్న చోట పినియన్ గేరు (మోటారు ఇరుసు మీది చిన్న గేరు) ఒకటి రెండు పళ్లు చిన్నది వేస్తే స్పీడు కాస్త తగ్గుతుంది గానీ మోటారు బతుకుతుంది. నాకు తెలిసి మన వైపు మంచి ట్రాక్ సంక్రాంతి తర్వాత దొరుకుతుంది. పందేలకు చదును చేసిన బరులు, పార్కింగ్‌కి తొక్కించిన చేలు అలాగే వదిలేసి వెళ్తారు. చేను యజమానిని ఒక మాట అడిగితే కాదనరు.

కొబ్బరి తోటలో నైట్రో వద్దు. నిమిషానికి ముప్పై వేల చుట్లు తిరిగే ఇంజిన్ కేకకి గేదెలు పలుపు తెంచుకుంటాయి. చెట్టు మీద దింపు తీసేవాళ్లుంటే వాళ్లకు కిందివాళ్ల మాట వినిపించదు. ఇరుగుపొరుగు మొదటి రోజు నవ్వుతారు, రెండో రోజు తిడతారు. అయితే ఎలక్ట్రిక్‌కి దీనికి ఎదురు సమస్య ఉంది: చప్పుడు లేకపోవడం. నైట్రో వస్తుంటే అందరూ తప్పుకుంటారు. ఎలక్ట్రిక్ కాళ్ల దగ్గరికి వచ్చేదాకా తెలియదు. మా వీధిలో ఒక పెద్దాయన మడమకు ఇలాగే తగిలి వాచింది, అది చిన్న బండి కాబట్టి సరిపోయింది. మూడు కిలోల 1/8 బండి అదే వేగంతో వస్తే ఎముకే. రోడ్డు మీద, గుడి ముందు వద్దని అబ్బాయికి ముందే చెప్పండి. తోటలో నడిపితే సాయంత్రం ఒకసారి బోర్లా తిప్పి యాక్సిల్స్ చూడండి, కొబ్బరి పీచు చుట్టుకుని బిగిసిపోతుంది. కత్తెర చివరతో లాగితే వచ్చేస్తుంది.

అంతర్వేది, ఓడలరేవు బీచ్‌లకు తీసుకెళ్లాలని ఉంటుంది. వెళ్లండి గానీ నీటి అంచుకి దూరంగా పొడి ఇసుకలోనే, అదీ బండికి చేటని తెలిసే. ఉప్పు బేరింగ్‌లను తినేస్తుంది. ఈఎస్‌సీ మీద వాటర్‌ప్రూఫ్ అని ఉన్నా బేరింగ్‌లకూ స్క్రూలకూ ఆ మాట వర్తించదు. ఇంటికొచ్చాక మంచినీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, బేరింగ్‌లకు నూనె చుక్క వేయాలి.

ఇక మన వైపు ఎప్పుడో ఒకప్పుడు జరిగి తీరేది, బండి కాలువలోనో రొయ్యల చెరువులోనో పడటం. ఎలక్ట్రిక్ అయితే బయటికి తీయగానే మొదట బ్యాటరీ ఊడదీసి ఇంటికి దూరంగా ఆరుబయట పెట్టండి. రొయ్యల చెరువులో ఉప్పదనం ఉంటుంది, ఆ నీళ్లు దిగిన లైపోని మళ్లీ చార్జింగ్ పెట్టకండి. నైట్రో అయితే తాడు లాగొద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్ తీసి, బండి తలకిందులు చేసి, నెమ్మదిగా తిప్పి నీళ్లు వదిలించి, లోపల నూనె వేయాలి. రెండింటికీ రిసీవర్‌లో ఫెయిల్‌సేఫ్ సెట్ చేసుకోవాలి, సిగ్నల్ పోతే బ్రేక్ పడేలా. నైట్రోకి ఇది మరీ ముఖ్యం. సిగ్నల్ పోయి థ్రాటిల్ తెరిచే ఉండిపోతే ట్యాంకు ఖాళీ అయ్యేదాకా అది ఆగదు.

నైట్రో ఎవరికి మరి? ఒకప్పుడు ఆర్‌ఎక్స్ 100 కార్బురేటర్ విప్పి కూర్చుంటే భోజనం గుర్తురాని మనుషులు ఉంటారు చూడండి, వాళ్లకి. ఆదివారం పొద్దున గంట ట్యూనింగ్, అరగంట ఆట, ఇంకో గంట కడగడం. ఆ రెండు గంటలే వాళ్లకు ఆనందం. మీ బావగారు ఆ కోవలో మనిషైతే ఆయన్ని ఆపొద్దు. అబ్బాయి పక్కన కూర్చుని చూస్తే ఇంజిన్ అంటే ఏమిటో పుస్తకం కన్నా బాగా తెలుస్తుంది.

ఆయన అక్కడెవరి దగ్గరో సెకండ్‌హ్యాండ్ నైట్రో చూశానంటున్నారని రాశారు. డబ్బులిచ్చే ముందు ఒక పని చేయమనండి. ఇంజిన్ చల్లగా ఉండగా గ్లో ప్లగ్ తీసేసి ఫ్లైవీల్‌ని వేలితో తిప్పాలి. పిస్టన్ పైకి వచ్చిన చోట బిగువుగా, కొంచెం పట్టేసినట్టు ఉండాలి. సిలిండర్ స్లీవ్ (పిస్టన్ తిరిగే గొట్టం) లోపలి వెడల్పు పైన కాస్త ఇరుకుగా ఉంటుంది కాబట్టి మంచి ఇంజిన్‌లో ఆ బిగువు తెలుస్తుంది. ఎక్కడా పట్టు లేకుండా గిర్రున తిరిగితే పిస్టన్, స్లీవ్ అరిగిపోయినట్టే. అసలే తిరగకపోతే బలవంతం చేయొద్దు, పాత ఆముదం నూనె జిగురై పట్టేసి ఉండవచ్చు, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి చూడమనండి. వెనక ప్లేటు నాలుగు స్క్రూలు విప్పి బేరింగ్ చూడనిస్తే ఇంకా మంచిది. లోపల ఎర్రటి తుప్పు కనిపిస్తే ఇంజిన్ ధర లేనట్టే లెక్కేసుకుని, మిగతా బండికి మాత్రం బేరమాడమనండి.